కర్చీఫ్ నుంచి కానిస్టేబుల్ దాకా: లాటిన్ ‘కొమ్’ ఉపసర్గను యూరప్ భాషల్లో గుర్తుపట్టడం ఎలా

కర్చీఫ్, కర్ఫ్యూ, కోర్టు, కాలేజీ, కలెక్టరు, కస్టమరు, కంపోస్టు ఎరువు. వీటిలో ఏ మాటకూ తెలుగువాళ్లకు అర్థం చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఏడింటి మొదట్లోనూ ఉన్నది ఒకే ముక్క అని చెబితే చాలామంది నమ్మరు. అది లాటిన్ ఉపసర్గ ‘కొమ్’. ‘కలిసి’, ‘కూడా’, ‘తోడుగా’ అని దాని మొదటి అర్థం. రెండు వేల ఏళ్లకు పైగా ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారుతూ వచ్చి, కొన్నిచోట్ల అది ‘కొన్’ అయింది, కొన్నిచోట్ల ‘కొల్’, ‘కొర్’ అయింది. ఇంకొన్నిచోట్ల ఉత్త ‘కూ’గా, ‘క’గా మిగిలింది.

స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్‌లలో ఏదో ఒకటి నేర్చుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ ఒక్క ఉపసర్గను పట్టుకోవడం వస్తే వందల మాటలు బట్టీ పట్టకుండానే అర్థమవుతాయి. పైగా ఈ పనిలో మనకు ఒక వసతి ఉంది. బడిలో సంధులు చదువుకున్నాం. ‘కొమ్’ రహస్యం మొత్తం సంధిలోనే ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. లాటిన్ పదాలను పాత రోమన్లు పలికిన తీరులో, ఇప్పటి భాషల పదాలను ఆ భాషలవాళ్లు పలికే తీరుకు దగ్గరగా రాస్తున్నాను. ఫ్రెంచి ముక్కుధ్వనికి మన అరసున్న చక్కగా సరిపోతుంది కాబట్టి అదే వాడుతున్నాను.

మొదటి అడుగు: అతుకు ఎక్కడుందో చూడండి

సంస్కృతంలో ‘సమ్’ అనే ఉపసర్గ ఉంది కదా. సంగమం, సంచయం, సంతోషం, సంపద అనే మాటలన్నిటిలో మనం ఒకే సున్న రాస్తాం. పలికేటప్పుడు మాత్రం ప్రతిదాంట్లో ముక్కుధ్వని వేరు. గ ముందు ఙ, చ ముందు ఞ, త ముందు న, ప ముందు మ. తర్వాత వచ్చే హల్లు ఎక్కడ పలుకుతుందో ముక్కుధ్వని కూడా అక్కడికే జరుగుతుంది. తెలుగు లిపిలో సున్న ఈ తేడాను కప్పేస్తుంది. రోమన్లకు సున్న లేదు కాబట్టి నోటికి వచ్చినట్లు వేర్వేరుగా రాసుకున్నారు.

ప, బ, మ ముందు ఆ ఉపసర్గ కొమ్‌గానే నిలిచింది: కొంపోనెరె (కలిపి పెట్టడం), కొమ్మూనిస్ (ఉమ్మడి). త, ద, స, క, గ, ఫ, వ ముందు కొన్ అయింది: కొన్దూకెరె (కలిపి తీసుకుపోవడం), కొన్‌వెనీరె (కలిసి రావడం). మన బస్సు కండక్టరు మొదటిదాంట్లోంచి వచ్చాడు, కాన్వెంటు బడి రెండోదాంట్లోంచి వచ్చింది. ల ముందు ఆ మకారం తానే లకారమైపోయింది. కొమ్ + లెగెరె కలిసి కొల్లిగెరె, అంటే పోగుచేయడం. సమ్ + లాపం సల్లాపం అయినట్లే ఇదీను. ఈ కొల్లిగెరె నుంచే పన్నులు పోగుచేసే కలెక్టరు పుట్టాడు. ర ముందు కొర్ అవుతుంది: కరెక్షన్, కరప్షన్. ఇక్కడ సంస్కృతం వేరే దారి పట్టింది, సంరక్షణలో మకారం రకారం కాలేదు.

అచ్చు ముందు, హకారం ముందు, ‘గ్న’ ముందు మకారం సాధారణంగా రాలిపోయి ‘కొ’ మాత్రమే మిగులుతుంది. కొ + హొర్త్ అంటే కంచె కట్టిన పెరడు. అదే ఇటాలియన్, స్పానిష్‌లలో కొర్తె, ఫ్రెంచిలో కూర్, రుమేనియన్‌లో కుర్తె, ఇంగ్లీషులో కోర్టు. రుమేనియాలో ఇప్పటికీ కుర్తె అంటే ఇంటి పెరడే. రాజుగారి వాకిలి కొలువైంది, కొలువు న్యాయస్థానమైంది. కొన్నిసార్లు రెండు అచ్చులు కలిసి గుణసంధిలా ఒకటవుతాయి. ‘ఆలోచిస్తున్నాను’ అనే ప్రసిద్ధమైన లాటిన్ మాట కోగితో, కొ + అగితో కలిసి ఏర్పడిందే.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఉపసర్గ తగలగానే ధాతువులోని అచ్చు కూడా చాలాసార్లు సన్నబడుతుంది. లెగెరె వెళ్లి కొల్లిగెరె అయింది, ఫకెరె (చేయడం) వెళ్లి కొన్‌ఫికెరె అయింది. అందుకే ఉపసర్గను విడదీసినప్పుడు మిగిలిన ముక్క నిఘంటువులో వెంటనే దొరకదు. ఇకారం ఉన్నచోట అకారమో ఎకారమో పెట్టి చూడండి.

‘సమ్’, ‘కొమ్’ చేసే పని ఒకటే గానీ పుట్టుక ఒకటి కాదు. అయినా పోలిక ఎంత దగ్గరగా వస్తుందంటే, లాటిన్‌లో సభ జరిగే చోటుకు పేరు కొమితియుమ్. కొమ్ + ఇ (వెళ్లడం) అనే ధాతువు. సంస్కృతంలో సమ్ + ఇ + తి కలిసి సమితి. ఆ ‘ఇ’ ధాతువు రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. ఐక్యరాజ్య సమితి అన్నప్పుడల్లా నాకు రోమ్ నడిబొడ్డున జనం గుమికూడిన ఆ చదును గుర్తొస్తుంది.

అదే ధాతువుతో వచ్చిన కొమెస్ అంటే వెంట నడిచేవాడు, అనుచరుడు. చక్రవర్తుల కాలంలో అది పదవి పేరైంది. గుర్రపుశాల అధికారిని కొమెస్ స్తబులీ అనేవారు. ఆ రెండు మాటలూ అతుక్కుని పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు కానిస్టేబుల్ అయ్యాయి. ఒక్క కొమెస్ స్పానిష్‌లో కోందె, ఇటాలియన్‌లో కొంతె, ఫ్రెంచిలో కొఁత్ అనే జమీందారీ బిరుదుగా నిలిచింది. అచ్చు ముందు మకారం పోవాలన్న సూత్రానికి ఇది లొంగలేదు. చాలా పాత సమాసాల్లో మకారం అలా నిలిచిపోతుంది.

రెండో అడుగు: ‘కలిసి’ కుదరకపోతే ‘-ఏయ్’ పెట్టి చూడండి

చాలామంది తడబడేది ఇక్కడే. కొమ్ అంటే ‘కలిసి’ అని నేర్చుకుంటారు, తర్వాత సగం మాటల్లో ఆ అర్థం ఎంత వెతికినా దొరకదు. కారణం, ఈ ఉపసర్గకు రెండో పని ఉంది. పని పూర్తయిందని చెప్పడం. దీన్ని ఇంగ్లీషు ద్వారా అర్థం చేసుకోవడం కష్టం, తెలుగులో మాత్రం ఒక్క క్షణం పని. తినడానికీ తినేయడానికీ ఉన్న తేడా చూడండి. చేయడానికీ చేసేయడానికీ ఉన్న తేడా చూడండి. లాటిన్‌లో ఎదెరె అంటే తినడం, కొమెదెరె అంటే తినేయడం. ఫకెరె అంటే చేయడం, కొన్‌ఫికెరె అంటే చేసేయడం, తయారుచేసి పెట్టడం. మిఠాయి కొట్టు మీద రాసుండే కన్‌ఫెక్షనరీ అన్న మాట ఈ చివరిదాంట్లోంచి వచ్చింది. ఫ్రెంచివాళ్ల పండ్ల జామ్ కొఁఫిత్యూర్ కూడా అంతే.

కొమెదెరె కథ ఇంకా ముందుకు వెళ్తుంది. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో తినడానికి మాట కోమేర్. కొంచెం ఆగి ఆ మాటను విప్పి చూడండి. కొమ్ ఉపసర్గ, -ఏర్ క్రియాప్రత్యయం. మరి తినడం ఏది? ‘ఎద్’ అనే ధాతువు రెండు అచ్చుల మధ్య నలిగి, దకారం పోయి, మిగిలిన ఎకారం ప్రత్యయంలో కలిసిపోయింది. తినడం అనే అర్థాన్ని ఇప్పుడు ఉపసర్గ ఒక్కటే మోస్తోంది. ఆ పోయిన ‘ఎద్’ మనకు పరాయిది కాదు. సంస్కృత ‘అద్’ ధాతువుకు అది తోబుట్టువు, అద్ నుంచే అన్నం వచ్చింది. స్పానిష్ మాటలో కరిగిపోయిన ముక్క మన కంచంలో ఇంకా ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

కర్చీఫ్, కర్ఫ్యూలు కూడా ఈ రెండో అర్థానికే చెందుతాయి. ఒపెరీరె అంటే కప్పడం, కొఒపెరీరె అంటే పూర్తిగా కప్పేయడం. అది ఫ్రెంచిలో కువ్రీర్, ఇంగ్లీషులో కవర్ అయింది. పాత ఫ్రెంచిలో తలను కప్పే గుడ్డ పేరు ఇంగ్లీషులోకి వెళ్లి కర్చీఫ్ అయింది. నిప్పు కప్పేయమని రాత్రి మోగించే గంట కువ్ర్-ఫూ, అదే కర్ఫ్యూ. పడుకునే ముందు పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పేయమని చెప్పే గంట అది.

మూడో అడుగు: సకారం ముందు నకారం కోసం వెతకకండి

రోమ్‌లో క్రీ.పూ. 259లో అత్యున్నత పదవిలో, అంటే కాన్సుల్‌గా చేసిన లూసియస్ కొర్నేలియస్ స్కిపియో సమాధి శాసనం ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. అందులో ‘కొన్సుల్’ అని ఉండాల్సిన ఒకచోట ‘కొసొల్’ అని రాశారు. ‘ఏకాభిప్రాయంతో ఉన్నారు’ అనే చోట ‘కొసెన్తియొన్త్’ అని ఉంది. రాసినవాడు పొరబడలేదు. సకారం ముందు నకారాన్ని వాళ్లు సరిగా పలికేవారే కాదు. అందుకే ఆ తర్వాత కూడా కాన్సుల్ పదవికి సంక్షిప్తం కొస్ అనే మూడు అక్షరాలుగా, నకారం లేకుండానే నిలిచింది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే యూరప్ భాషల్లో ‘కొస్’, ‘కోస్’, ‘కూ’తో మొదలయ్యే మాటలు తలుపులు తెరిచినట్లు తెరుచుకుంటాయి. కొన్‌స్తారె అంటే ఫలానా ధరకు నిలవడం. నకారం జారిపోయి ఇటాలియన్‌లో కొస్తారె, స్పానిష్‌లో కోస్తార్, జర్మన్‌లో కోస్టెన్, ఇంగ్లీషులో కాస్ట్ అయింది. ఫ్రెంచిలో సకారం కూడా పోయి కూతే అయింది. ఫ్రెంచి రాతలో ఆ ‘ఊ’ మీద కనిపించే చిన్న టోపీ, అక్కడొకప్పుడు సకారం ఉండేదని చెప్పే గుర్తు. 1990 లిపి సంస్కరణ తర్వాత అది లేకుండా రాసినా తప్పు కాదు, కానీ చదివేవాళ్లకు ఆ టోపీ ఎంతో సాయం.

కొన్సుఎరె అంటే కలిపి కుట్టడం. అది స్పానిష్‌లో కోసేర్, ఇటాలియన్‌లో కుచీరె, రుమేనియన్‌లో క్వాసె, ఫ్రెంచిలో కూద్ర్. కొన్సుఏతూదొ అంటే అలవాటు. స్పానిష్‌లో కోస్తుంబ్రె, ఫ్రెంచిలో కుత్యూమ్, ఇంగ్లీషులో కస్టమ్. అలవాటుగా వచ్చేవాడు కస్టమరు. అలవాటు అనే మాటే ఇటాలియన్ మీదుగా తిరిగి వచ్చి నాటకాల్లో వేసుకునే కాస్ట్యూమ్ కూడా అయింది.

వకారం ముందు కూడా అప్పుడప్పుడు ఇదే జరిగింది. లండన్‌లో కవెంట్ గార్డెన్ అని ఒక చోటు ఉంది. వెస్ట్‌మినిస్టర్ మఠం సన్యాసుల తోట ఒకప్పుడు అక్కడుండేది. అంటే అది కాన్వెంట్ గార్డెనే, నకారం లేదంతే. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ మఠాన్ని కువాఁ అంటారు.

నాలుగో అడుగు: మాట జనం నోట వచ్చిందా, పుస్తకంలోంచి వచ్చిందా తేల్చుకోండి

మనకు తత్సమం, తద్భవం ఉన్నట్లే యూరప్ భాషలకూ ఉన్నాయి. ఒకే లాటిన్ మాట జనం నోళ్లలో అరిగిపోయి ఒక రూపంలోనూ, తర్వాతి శతాబ్దాల్లో పండితులు లాటిన్ గ్రంథాల్లోంచి ఎత్తుకున్న రూపంలోనూ పక్కపక్కన బతుకుతుంది. కొమ్పుతారె అంటే లెక్కపెట్టడం. జనం దాన్ని స్పానిష్‌లో కోంతార్ చేశారు, ఇటాలియన్‌లో కొంతారె చేశారు, పాత ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లీషు కౌంట్ అయింది. డబ్బు లెక్కపెట్టే బల్ల కౌంటరు అయింది. పండితులు మాత్రం పకారాన్ని ఎక్కడికీ పోనివ్వలేదు, వాళ్ల దారిలో వచ్చింది కంప్యూటర్. రైల్వేస్టేషన్లో టికెట్ కౌంటరు దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగిని చూస్తే తద్భవమూ తత్సమమూ ఎదురెదురుగా కనిపిస్తాయి.

ఫ్రెంచిలో ఈ కథకు ఇంకో మలుపు ఉంది. లెక్కపెట్టడం, కథ చెప్పడం రెండింటికీ వాళ్ల మాట కొఁతే. ఉచ్చారణలో ఏ తేడా లేదు. లెక్క అనే అర్థం ఉన్నదానికి మాత్రం పండితులు లాటిన్ పకారాన్ని తెచ్చి రాతలో దూర్చారు, పలకడానికి కాదు, చూడడానికి. అందుకే ఫ్రెంచి రాతను చూసి కొమ్, కొన్ తేడా చెప్పవచ్చు గానీ వింటే చెప్పలేం. రెండూ ‘కొఁ’ అనే వినిపిస్తాయి.

కొల్లిగెరెకు కూడా ఇలాంటి జంటలున్నాయి. పండిత రూపం కలెక్షన్. జనరూపాలు ఫ్రెంచి కెయీర్, ఇటాలియన్ కొల్యెరె, రుమేనియన్ కులేజె. ఈ మూడింటికీ పూలో పండ్లో కోయడమని అర్థం. స్పానిష్ కోహేర్ అంటే పట్టుకోవడం. కొల్లొకారె, అంటే ఒకచోట పెట్టడం, ఫ్రెంచిలో కుషే (పడుకోబెట్టడం) అయింది, రుమేనియన్‌లో కుల్కా, స్పానిష్‌లో కోల్గార్ అయి వేలాడదీయడమనే అర్థానికి జరిగింది. సోఫాలాంటి కౌచ్ ఆ ఫ్రెంచి మాటే. కొంపోనెరె నుంచి వచ్చిన మాటల్లో ఎరువుకు వాడే కంపోస్టు, పండ్లు ఉడికించి చేసే కొఁపొత్, మందులు కలిపే కాంపౌండరు ఉన్నాయి. కంపోస్టు, కాంపౌండరు మన ఊళ్లలో స్థిరపడిపోయాయి.

రాత విషయంలో ఒక్కో భాషది ఒక్కో పద్ధతి. ఇటాలియన్ ద్విత్వాన్ని భద్రంగా ఉంచుతుంది: కొల్లేగ, కొమ్మిస్సియోనె. స్పానిష్ విడిచిపెడుతుంది: కోలేగా, కోమిసియోన్. ద్విరుక్త రకారాన్ని మాత్రం ఉంచుకుంటుంది. కొన్నిచోట్ల స్పానిష్ పండితులు మకారం ముందు కూడా నకారాన్ని పెట్టి రాశారు: కోన్మెమోరార్ అంటే స్మరించుకోవడం. అదే మాట పోర్చుగీసులో ఒక్క మకారంతో ఉంటుంది. జర్మన్, స్వీడిష్, పోలిష్, ఫిన్నిష్ భాషలకు వచ్చేసరికి లాటిన్ ‘సి’ అక్షరం ‘కె’ అయిపోతుంది. నిఘంటువులో వెతికేటప్పుడు ఇది మరిచిపోతే మాట దొరకదు.

రాతను పూర్తిగా నమ్మకూడదనడానికి రోమన్లే సాక్ష్యమిచ్చారు. క్రీ.పూ. 186లో సెనేట్ బాకస్ దేవుడి ఆరాధకుల కూటాలను అణచివేస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని కంచు ఫలకం 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలో దగ్గర దొరికింది, ఇప్పుడు వియన్నాలో ఉంది. అందులో ఒకచోట నాలుగు క్రియలు వరసగా వస్తాయి: కలిసి ఒట్టు పెట్టుకోకూడదు, కలిసి మొక్కుకోకూడదు, కలిసి మాటిచ్చుకోకూడదు, కలిసి ఒప్పందం చేసుకోకూడదు. నాలుగు క్రియలూ మన ఉపసర్గతోనే మొదలవుతాయి. ప్రభుత్వానికి భయం పుట్టించింది ఆ ‘కలిసి’యే. ఇక రాత చూడండి. కొమ్‌వొవిసె, కొన్‌ప్రొమెసిసె. వకారం ముందు మకారం, పకారం ముందు నకారం! తర్వాతి కాలపు లాటిన్ నియమాలకు ఇది సరిగ్గా తలకిందులు. కాబట్టి అక్షరం చూసి ‘కాదేమో’ అని వదిలేయకండి, అతుకు చూడండి.

అయిదో అడుగు: చుట్టరికాల మాటలతో సాధన చేయండి

అన్నిటికంటే ఇష్టంగా నేను చెప్పేది ఇదే. సాధనకు ఇంతకంటే మంచి చోటు తెలుగువాడికి దొరకదు.

కొన్సొకెర్ అనే లాటిన్ మాటను విప్పితే కొన్ + సొకెర్. సొకెర్ అంటే మామగారు, సంస్కృత శ్వశురుడికి తోబుట్టువు. ‘తోటి మామగారు’ ఎవరు? వియ్యంకుడు. స్పానిష్‌లో కోన్స్వేగ్రో, కోన్స్వేగ్రా అంటే వియ్యంకుడు, వియ్యపురాలు. రుమేనియన్‌లో నకారం జారిపోయి కుస్క్రు, కుస్క్ర అయ్యాయి. ఇంగ్లీషులో ఈ చుట్టరికానికి విడిగా పేరే లేదు. మన పెళ్లిళ్లలో వియ్యాలవారికి ఉన్న స్థానం తెలిసినవాళ్లకు ఈ స్పానిష్ మాట ఎవరూ చెప్పకుండానే వంటపడుతుంది.

కొగ్నాతుస్ అంటే కూడపుట్టినవాడు, రక్తసంబంధి. ‘గ్న’ ముందు కొ అయిందని గమనించండి. స్పానిష్ కున్యాదో, పోర్చుగీసు కున్యాదు, ఇటాలియన్ కొన్యాతో, రుమేనియన్ కుమ్నాత్ అన్నీ దీని పిల్లలే. అర్థం మాత్రం రక్తసంబంధం నుంచి పెళ్లి సంబంధానికి దాటింది. ఇప్పుడవన్నీ బావ, బావమరిది వరస. మనం బావ అనీ, బావమరిది అనీ విడదీసి పిలిచేవాళ్లను వాళ్లు ఒకే మాటతో సరిపెట్టుకుంటారు.

కొన్సొబ్రీనుస్ అంటే మొదట్లో అక్కచెల్లెళ్ల పిల్లలు. అందులోని ‘సొబ్ర్’ సోదరి అనే మాట, సంస్కృత స్వసృకు చుట్టం. ఫ్రెంచిలో ఇది అరిగి కుజేఁ అయింది, ఇటాలియన్‌లో కుజీనో, ఇంగ్లీషులో కజిన్. అక్కచెల్లెళ్ల పిల్లలను మనం అన్నదమ్ములనే పిలుచుకుంటాం, కజిన్ అని విడదీయం. ఆ మాట మొదట గుర్తించింది సరిగ్గా వాళ్లనే కావడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. స్పానిష్‌లో వింత ఇంకోటి. ‘మొదటి వరస కొన్సొబ్రీనుస్’ అనే పదబంధంలో అసలు మాట రాలిపోయి ‘మొదటి’ అనే విశేషణమే ప్రీమోగా మిగిలింది. రుమేనియన్‌లో ‘నిజమైన’ అనే విశేషణం మిగిలి వర్ అయింది. ఉపసర్గ కోసం వెతికితే అక్కడ ఏమీ ఉండదు, అది దాచుకున్న ఖాళీ మాత్రమే ఉంటుంది.

స్నేహానికి వస్తే కొమ్ + పానిస్. పానిస్ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కొంపాన్యో, కోంపన్యేరో, కొఁపాన్యొఁ. పాత ఫ్రెంచిలో కర్తృరూపం వేరుగా ఉండేది, అదే ఇప్పటి కొపేఁ, దోస్తు. జర్మన్ బొగ్గు గనుల్లో తోటి కార్మికుడు కుంపెల్. అలా కలిసి తినేవాళ్ల గుంపు కంపెనీ. మన తాతలు ఈస్టిండియా కంపెనీని కుంపిణీ అన్నారు. పంచుకు తినడమనే అర్థంతో పుట్టిన మాట మన నేల మీదికి ఏ పని మీద వచ్చిందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆరో అడుగు: కాని మాటలను ఏరేయండి

కాలేజీలో ఈ ఉపసర్గ ఉంది, కాలనీలో లేదు. కాలనీ ‘సాగుచేయడం’ అనే కొలెరె నుంచి వచ్చింది. కలెక్టరులో ఉంది, కార్పొరేటరులో లేదు, అక్కడున్నది శరీరమనే అర్థంగల కొర్పుస్. కాంపౌండరులో ఉంది. కాంపౌండు గోడలో ఉన్నది మాత్రం చాలామంది పండితుల లెక్కన మలయ్ భాషలో పల్లెకు పేరైన కంపుంగ్. కామెడీ, కామా గ్రీకు మాటలు. కాఫీ అరబ్బీ నుంచి వచ్చింది.

కౌంటరు రెండు మాటలు. టికెట్ల కౌంటరు సంగతి పైన చెప్పాను. కోర్టులో వేసే కౌంటరు ‘కొంత్రా’ నుంచి వచ్చింది, ఎన్‌కౌంటర్ కూడా అంతే. ఉపసర్గగా కొంత్రాను వేరుగానే లెక్కపెట్టాలి. కానీ తవ్వితే కొంత్రా కూడా కొమ్‌కు ‘తర’ ప్రత్యయం చేరి ఏర్పడినదే, మన ఉత్తరంలో ఉన్న ‘తర’ అది. పక్కన నిలబడటం ఎదురుగా నిలబడటమైంది, ఎదురు నిలబడటం విరోధమైంది. కాంట్రాక్టును మాత్రం దీంతో కలపకండి. అది కొన్ + త్రహెరె, కలిపి లాగడం.

ఫ్రెంచి కుత్యూర్ అంటే కుట్టుపని. తెలుగు కుట్టుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, ధ్వని కాకతాళీయంగా కలిసింది. ఇలాంటివి చూసి ఉత్సాహపడి సిద్ధాంతాలు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఒక పోలిక నిలవాలంటే అదే ధ్వని మార్పు మరో నాలుగు మాటల్లో కనబడాలి. అనుమానం వచ్చినప్పుడు స్పానిష్‌కు రాయల్ అకాడమీ నిఘంటువు, రుమేనియన్‌కు డెక్స్‌ఆన్‌లైన్ తెరిచి చూడండి, రెండూ ఉచితంగా దొరుకుతాయి.

లాటిన్‌తో సంబంధం లేకుండానే ఈ ఉపసర్గకు సొంత తోబుట్టువులున్న భాషలూ ఉన్నాయి. వేల్స్ దేశస్థులు తమ దేశాన్ని కమ్రి అంటారు. కొమ్, బ్రొగ్ (సీమ) అనే పాత కెల్టిక్ ముక్కలు కలిసి ‘ఒకే సీమవాళ్లు’ అయ్యాయి. అది వాళ్లు లాటిన్ నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. జర్మన్ గెమాయిన్ (ఉమ్మడి) అనే మాట లాటిన్ కొమ్మూనిస్‌కు చుట్టం. లాటిన్‌లో దాని పాత రూపం కొమొయినెమ్ కూడా ఆ వియన్నా కంచు ఫలకం మీదే ఉంది.

చివరిగా ఒక మాట విప్పి చూద్దాం

స్పానిష్‌లో ‘నాతో’ అనడానికి కోన్మీగో అంటారు. మొదట్లో కోన్ కనిపిస్తోంది, అంటే ‘తో’. అది మామూలుగా విడిగా నిలిచే విభక్తి పదమే, మన కొమ్ ఉపసర్గకు విడి రూపం, లాటిన్‌లో కుమ్. మధ్యలో ‘మీ’, అంటే ‘నా’. మరి చివర ‘గో’ ఏమిటి? లాటిన్‌లో ‘నాతో’ అంటే మేకుమ్, మన ‘నాతో’ లాగే ‘తో’ వెనక చేరేది. కాలక్రమంలో ఆ కుమ్ మెత్తబడి ‘గో’ అయింది. అది ‘తో’ అని జనం మరిచిపోయారు. అర్థం చాలనట్లు అనిపించి ముందు ఇంకో ‘తో’ తగిలించారు. పోర్చుగీసువాళ్లు కూడా అంతే చేశారు, కుమీగు. ఇటాలియన్‌లో ఒంటి ‘తో’ ఉన్న మేకో కవిత్వంలో మిగిలింది. ఇవాళ మాద్రిద్‌లో ఎవరైనా కోన్మీగో అంటే ముందొక కొమ్, వెనకొక కొమ్, మధ్యలో ‘నేను’.